పదకొండు ఉపగ్రహాల సాక్ష్యం

ఆ రోజు ఉదయం పిళ్ళప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి పంట సర్వే మనిషి చేనికి వస్తాడు. ఎనిమిదిన్నరకల్లా ఫోటో అయిపోతుంది. తొమ్మిది బస్సుకు పెళ్ళాంతో కలిసి చింతామణి పోయి, మరదలి గృహప్రవేశంలో మొదటి పంక్తిలోనే కూర్చుని ఒబ్బట్లు తినాలి. ఇందులో కోపం తెచ్చుకోవలసిన సంగతి ఒక్కటీ లేదు. అయినా పిళ్ళప్ప నిద్ర లేవడమే కోపంగా లేచాడు.

కోపం కిందటేటిది. సర్వేకి వచ్చినవాడెవడో బండి కూడా దిగకుండా రోడ్డు మీద నుంచే ఫోటో కొట్టుకుని వెళ్ళిపోయాడు. ఫోటోలో చేను బదులు రోడ్డు పక్కన ఉన్న నీలగిరి చెట్లు పడ్డాయి. పహణిలో, అంటే సర్కారు భూమి రికార్డులో, పిళ్ళప్ప వేరుశనగ చేను నీలగిరి తోపుగా ఎక్కింది. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఊళ్ళో అందరికీ పంట నష్టం పరిహారం వచ్చింది, పిళ్ళప్పకి రాలేదు. తాలూకు కచేరీలో అడిగితే, "నీలగిరికి వాన పడకపోతే ఏమవుతుందప్పా? హాయిగా ఉంటుంది గదా" అని అక్కడి గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు పిళ్ళప్పకి ఏడాది పొడుగునా అరగలేదు.

ఈ ఏడూ వాన సరిగా పడలేదు. పంట సర్వే గడువు ఈరోజు మధ్యాహ్నం పన్నెండుతో తీరిపోతుంది. ఆలోగా తన సర్వే నంబరు ఎదురుగా వేరుశనగ అని ఎక్కకపోతే ఈసారి కూడా చేతికి చిల్లిగవ్వ రాదు. ఇంత ముఖ్యమైన పని ఆఖరి రోజుదాకా ఎందుకు ఆగిందంటే, దానికీ కారణం పిళ్ళప్పే. సర్వే మనిషి భార్గవ అంతకుముందు రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి, చెప్పకుండా చేనిలో అడుగు పెట్టాడని పిళ్ళప్ప కుక్కను వదిలాడు. రెండోసారి భార్గవ రోడ్డు మీదే నిలబడి పిలిచాడు. "మళ్ళా రోడ్డు మీద నుంచే తీస్తాండావా?" అని పిళ్ళప్ప రాయి అందుకున్నాడు.

కర్ణాటక అంచున, మిట్టేమరి దాటి మట్టిరోడ్డున పోతే వచ్చే చిన్న పల్లె వాళ్ళది. పల్లె దాటితే పిళ్ళప్ప చేను, చేను దాటితే ఆంధ్ర. చేను అంటే ఇరవై గుంటల నేల, పడమర నుంచి తూర్పుకు పొడుగ్గా సాగిన బద్దీ. పడమటి కొసన మేకల దొడ్డి, తూర్పు కొసన గట్టు, ఆ గట్టుకి అవతల ఆనుకుని, ఆ చేను ఆసామి శ్రీనివాసప్పది ఒక కానుగ చెట్టు. పడమట పంట ఎండి గిడసబారింది. తూర్పు మూల మాత్రం శ్రీనివాసప్ప బోరు కాలువ చెమ్మకి పచ్చగా నిలబడి ఉంది.

భార్గవ ఎనిమిదింటికి సరిగ్గా వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మెత్తని మనిషి. బాగేపల్లిలో దేవళం సేవ చేసుకున్న కుటుంబం, తాత పంచాంగం చూసి చుట్టుపక్కల పల్లెలకు ముహూర్తాలు పెట్టేవాడు. మనవడు కాంట్రాక్టు ఉద్యోగానికి పసుపు రబ్బరు తొడుగు వేసిన చేతి యంత్రం పట్టుకుని చేలు తిరుగుతున్నాడు. స్కూటరు రోడ్డు మీదే ఆపి, అటూ ఇటూ చూశాడు.

"నమస్కారమప్పా. కుక్క యాడుండాది?"

"కట్టేసినా, రాండి సామీ. మీకోసమే చూస్తాండా."

భార్గవ చేను మధ్యలో నిలబడబోయాడు. పిళ్ళప్ప ఒప్పుకోలేదు. "ఆడ యాలకు సామీ? ఆ తూర్పు మూలకు రాండి. శెనిక్కాయ బాగుండేది ఆడే."

"ఎట్లుండినా ఒకటేనప్పా. ఇంగా చెప్తే, నష్టం వచ్చినవాళ్ళు ఎండిపోయిందే చూపిస్తారు."

"ఎండిపోయింది చూపిస్తే దాన్నీ ఇంకేదో తోపు అంటారు మీవాళ్ళు. ఆకు కనపడల్ల, పువ్వు కనపడల్ల. శెనిక్కాయ కాదని ఎవుడన్నా అంటే ఫోటో మొగాన కొట్టేట్లుండల్ల."

ఇద్దరూ చేనంతా దాటి తూర్పు మూలకి, కానుగ చెట్టు నీడకి చేరారు. భార్గవ యంత్రం తెరిచాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. పిళ్ళప్ప ఒక నిమిషం ఓర్చుకున్నాడు. ఆయన జీవితంలో అది తక్కువ ఓర్పు కాదు.

"ఏమి, తిరుగుతానే ఉండాది?"

"నాలుగు శాటిలైట్లు దొరికితే గానీ మనం యాడుండామో ఇది చెప్పదప్పా. ఇప్పటికి రెండే దొరికినాయి."

"మనం యాడుండామో నేను చెప్తా గదా. మా నాయన చేను. రాసుకోండి."

"నోటిమాట తీసుకోదప్పా. ఆకాశం నుంచే తెలియల్ల."

"ఆకాశానికి తెలిసేదేముండాది? వాన పడేదే తెలియలేదు దానికి!" పిళ్ళప్ప తల ఎత్తి ఆకాశాన్ని ఉరిమి చూశాడు. "అయినా ఈ నాలుగు యాలకు? పంచాయతీ మీటింగు మాదిరి కోరం కావల్లనా?"

"అట్లే అనుకోండి."

"మీ తాత వేళ్ళు మడిచి తొమ్మిది గ్రహాలూ యాడుండాయో కూర్చున్న చోటే చెప్పేవాడు. నీకు మిషనిచ్చి, స్కూటరిచ్చి, సర్కారు సంబళమిచ్చినా నాలుగు దొరకల్యా?"

మీరు నువ్వుగా మారిందంటే పిళ్ళప్ప వేడెక్కుతున్నాడని అర్థం. భార్గవ తొందరగా సంచీలోంచి ఒక కాగితం తీశాడు. యంత్రానికి ఉపగ్రహాలు దొరకనప్పుడు ఏం చెయ్యాలో ఆఫీసువాళ్ళు చీమల్లాంటి అక్షరాలతో అచ్చేసి ఇచ్చిన కాగితం అది.

"నిన్న ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినారప్పా. దానికి పాతదంతా మర్చిపోయింటుంది. మొదటిసారి తెరిపిలో పెట్టి, పదైదు నిమిషాలు కదలకుండా ఉంటే చాలు, అంతా అదే వెతుక్కుంటుందంట. చెట్ల కింద ఉండకూడదంట. ఒక ఇరవై అడుగులు పడమరకి పోదాం, ఆడ ఆకాశం బాగుండాది."

ఆ ఇరవై అడుగులు, ఇంకో నాలుగు కలిపి నడిచి ఉంటే ఈ కథ లేదు. ఎనిమిదిన్నరకి ఫోటో, తొమ్మిదింటికి బస్సు, మధ్యాహ్నం ఒబ్బట్లు. కానీ పిళ్ళప్పకి మర్యాద కూడా కోపంగానే వస్తుంది.

"మీరు యాలకు పోవల్ల? సర్కారు పని మీద నా చేన్లోకి వచ్చినవారు మీరు. మీరు కదిలేది నాకు అవమానం. కదలాల్సింది చెట్టు."

"చెట్టు ఎట్ల కదులుతుందప్పా?"

జవాబు చెప్పడానికి పిళ్ళప్ప అక్కడ లేడు. దొడ్డి నుంచి గొడ్డలి తెచ్చాడు. పంచె బిగించి అరవై ఒకటో ఏట కానుగ చెట్టెక్కాడు. దిగమని భార్గవ ఎంత బతిమాలినా వినలేదు. "అవతలోడి చెట్టు నా చేను మీదికి యాలకు వంగల్ల? ఇన్నేండ్లు ఊరకుండిందే తప్పు!" అని ఒక్కొక్క వేటుకీ ఒక్కొక్క మాట చొప్పున అరుస్తూ, చేను మీదికి వాలిన పెద్ద కొమ్మను నరికేశాడు. కొమ్మ చేను మీద పడలేదు. తిరిగి అటువైపు పడింది. పోతూ పోతూ శ్రీనివాసప్ప బోరుకి పోయే కరెంటు తీగను స్తంభం మీద నుంచి లాక్కుని పోయింది. దూరంగా పొద్దున్నించీ వినిపిస్తున్న మోటారు చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"అప్పా, అటుపక్కకి పోవద్దండి, తీగ కింద పడింది" అని భార్గవ వెనక్కి తగ్గాడు.

పిళ్ళప్ప చూపు తీగ మీద లేదు, తెర మీద ఉంది. "ఎన్ని?"

"మూడు."

"చూస్తిరా! కొమ్మ పోయిందో లేదో మూడోది దిగింది. నేను చెప్పలేదా?"

కొమ్మ నరకడానికి పట్టిన సమయంలో యంత్రం ఒకచోట కదలకుండా ఉంది కాబట్టి మూడోది వచ్చిందని భార్గవకి తెలుసు. గొడ్డలి ఇంకా పిళ్ళప్ప చేతిలోనే ఉందని కూడా తెలుసు. అందుకని తలూపాడు.

"ఇంగేమి రాసినారు ఆ కాగితంలో?"

"ఏమీ లేదప్పా. ఊరకే నిలబడితే చాలు."

"దాచొద్దండి సామీ. చదవండి."

భార్గవ దాచడం చేతకాని మనిషి. లోహపు వస్తువులూ రేకుల కప్పులూ దగ్గర ఉంటే సంకేతాలు చెదిరిపోతాయని చదివాడు. చదివాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే పిళ్ళప్ప తన నడుముకున్న వెండి మొలతాడు తీసి గట్టు మీద పెట్టాడు. భార్గవ బెల్టు తీయించాడు. చేతి గడియారం తీయించాడు. ఇద్దరూ ఒకరు పంచె, ఒకరు ప్యాంటు పట్టుకుని నిలబడ్డారు. నాలుగోది రాలేదు. పిళ్ళప్ప చూపు పడమటి కొసన ఎండకి తళతళా మెరుస్తున్న మేకల దొడ్డి మీద పడింది. దొడ్డికి కప్పు జింకు రేకులే.

"అదిగో దొంగ!" అన్నాడు పిళ్ళప్ప. "వచ్చే శాటిలైట్లనంతా ఆ రేకులే లాక్కుంటాండాయి."

"అది శానా దూరముండాదప్పా. దాని వల్ల ఏమీ కాదు."

"ఎండకి మెరిసేది నాకు కండ్లు పొడుస్తాండాది, పైనుండే వాటికి పొడవదా?"

ఎవరు చెప్పినా ఆగే దశ దాటిపోయింది. పిళ్ళప్ప చేనంతా దాటి దొడ్డి దగ్గరికి పోయి రేకులు ఊడబెరకడం మొదలుపెట్టాడు. మొట్టమొదట చేతికి అందిన రేకును పీకి అవతల పారేశాడు. అది దొడ్డికి తలుపు. తర్వాత నిచ్చెన వేసుకుని కప్పెక్కి, మిగిలినవాటి మేకులు పీకుతూ, రేకులు చేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, దొడ్డికి రేకులే వేయమని సలహా ఇచ్చిన బామ్మర్దినీ పేరుపేరునా తిట్టాడు. కింద ఏం జరుగుతోందో చూసే తీరిక ఆయనకి లేదు. ఇరవై మూడు మేకలు ఒక్క అరుపైనా లేకుండా వరసగా బయటికి నడిచాయి.

ఇటు తూర్పు మూలలో భార్గవకి ఆ ఉదయం మొదటిసారి ప్రశాంతత దొరికింది. యంత్రాన్ని అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నాలుగోది వచ్చింది. అయిదోది వచ్చింది. ముప్పావు గంటకి పిళ్ళప్ప చెమటలు కక్కుతూ, భార్గవ చేతిలోని యంత్రం మీద నుంచి చూపు తిప్పకుండా తిరిగొచ్చేసరికి తెర మీద పదకొండు ఉన్నాయి.

"పదకొండప్పా" అన్నాడు భార్గవ, దాదాపు సంతోషంగా. "ఇంగ పటం తెరుచుకుంటే చాలు. రెండు నిమిషాలు."

"రేకులు పీకినాక రాక యాడికి పోతాయి?" పిళ్ళప్ప మీసం తుడుచుకున్నాడు. పదిన్నర దాటింది. తొమ్మిది బస్సు పోయింది. కానీ పదకొండు గంటల బస్సుకి పోయినా కడపటి పంక్తి దొరుకుతుందని లెక్క వేసుకున్నాడు.

అప్పుడే గట్టు అవతల మోపెడ్ ఆగింది. శ్రీనివాసప్ప దిగాడు. అవతలి ఊరి మనిషి. పిళ్ళప్ప ఈడువాడే. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. ఆరోజు కొమ్మనీ, తీగనీ, ఎండుతున్న తన టమాటా సాళ్ళనీ చూశాక ఆయనకీ గొంతు వచ్చింది.

"ఎవురప్పా నా చెట్టు కొట్టింది? ఎవురు నా తీగ తెంపింది? టమాటాకి ఈపొద్దు నీళ్ళు లేకుంటే రేపటికి వాలిపోతాది! మనుషులా మీరు?"

"నేనే కొట్టినా!" పిళ్ళప్ప రెండింతలు అరిచాడు. "నీ చెట్టు నా మిషన్‌కి అడ్డం! సర్కారు పని జరుగుతాంటే అడ్డమొస్తే చెట్టయినా కొడతా, మనిషైనా కొడతా!"

"ఏం మిషనప్పా అది, నా చెట్టు కొట్టిచ్చేంత గొప్ప మిషను?"

"ఏం మిషనా? నీకేం తెలుసు?" పిళ్ళప్ప భార్గవ భుజం పట్టి ముందుకు లాగాడు. "పదకొండు శాటిలైట్లు చూస్తాండాయి దీన్ని. చెప్పండి సామీ. ఇది తప్పు చెప్తుందా?"

"సాధారణంగా చెప్పదు" అన్నాడు భార్గవ ఇబ్బందిగా. "ఎక్కువంటే మూడు మీటర్లు తేడా రావచ్చు."

"విన్నావా! మూడు మీటర్లు! తహసీల్దారు తప్పు చెప్తాడు, పటేలు తప్పు చెప్తాడు. ఇది చెప్పదు. ఇది ఏమి చెప్తే అదే నిజం. దీని కోసం నీ చెట్టేమి, నీ తోపే కొట్టేస్తా!"

శ్రీనివాసప్ప ఇంకేదో అనబోతుండగా యంత్రం టింగుమంది. పటం తెరుచుకుంది. నీలం చుక్క ఒకటి, ఎర్ర గీత ఒకటి. నీలం చుక్క గీతకి అవతల ఉంది. దాని కింద కన్నడంలో ఒక వాక్యం వచ్చింది: "నీవు రాజ్యద హొరగడె ఇద్దీరి."

భార్గవ చదివి తెరను తన వైపు తిప్పుకున్నాడు. పిళ్ళప్ప తెర లాక్కుని తనే చదివాడు. బడి చదువంతా కన్నడంలోనే చదివినవాడు, అర్థం కాకపోవడానికి వీల్లేదు. మీరు రాష్ట్రం బయట ఉన్నారు.

"ఏమంటాండాది ఇది?"

"మనం ఆంధ్రాలో ఉండామంటాండాదప్పా. కర్ణాటక పంటే ఎక్కించల్లంట. ఫోటో తీయనీదు."

"ఆంధ్రానా?" పిళ్ళప్ప మొహం కానుగ గింజలా ముడుచుకుపోయింది. "నేను పుట్టింది ఈడ. నా రేషన్ కార్డు ఈడ. నా ఓటు ఈడ. మా నాయన్ని కాల్చింది ఈడ! నేను ఆంధ్రాలో ఎట్లుంటా? మిషన్ చెడిపోయింది. ఆపి మళ్ళా ఆన్ చెయ్!"

ఆపి మళ్ళీ ఆన్ చేశాడు భార్గవ. ఈసారి రెండు నిమిషాలకే పదకొండూ వచ్చాయి. చుక్క కదలలేదు. పిళ్ళప్ప యంత్రాన్ని తన చేతిలోకి తీసుకుని విదిలించాడు. తలకి మించి పైకెత్తి పట్టాడు. బోర్లించాడు. రబ్బరు తొడుగు పీకాడు. నోటితో ఊదాడు. సర్కారు డబ్బుతో కొన్నది ఏది సరిగా పని చేసిందని సర్కారును తిట్టాడు. చుక్క ఉన్నచోటే ఉంది.

శ్రీనివాసప్ప మాత్రం అరవడం ఎప్పుడో మానేశాడు. గట్టు దిగి ఇటు వచ్చి, తెర మీదికి వంగి, చాలాసేపు చూశాడు. అడిగేటప్పుడు ఆయన గొంతు చల్లగా ఉంది.

"సామీ, ఈ ఎర్ర గీత ఏమి?"

"రెండు రాజ్యాల మధ్య ఎల్ల అప్పా."

"ఈ నీలం చుక్క?"

"మనం."

"ఊ. అట్లయితే ఈ మిషన్ పట్టుకుని పడమరకి నడవండి. గీత కాడికి వచ్చినప్పుడు చెప్పండి."

"ఎవురూ నడవద్దు!" పిళ్ళప్ప కేకేశాడు. "మిషన్ చెడిపోయిందని చెప్తాంటే!"

"ఇప్పుడే గదప్పా చెప్పినావు, ఇది తప్పు చెప్పదని. మూడు మీటర్లని."

పదకొండుంబావు అయింది. ఫోటో కావాలంటే చుక్క గీత దాటాలి. చుక్క గీత దాటాలంటే నడవాలి. భార్గవ యంత్రం కళ్ళ ముందు పట్టుకుని నెమ్మదిగా పడమరకి నడిచాడు. శ్రీనివాసప్ప పక్కనే నడుస్తూ అడుగులు లెక్కపెట్టాడు. పిళ్ళప్ప వెనకే నడుస్తూ ఇద్దర్నీ తిట్టాడు. ఇరవై నాలుగో అడుగు దగ్గర యంత్రం సంతోషంగా కూత పెట్టింది.

"ఈడ కర్ణాటక" అన్నాడు భార్గవ.

"ఇది అబద్ధం!" పిళ్ళప్ప కాలితో నేల తన్నాడు. "ఎల్ల నా గట్టు కాడుండాది. నేను పుట్టినప్పటి నుంచి గట్టు ఆడనే ఉండాది!"

నిజానికి ఆయన మనసులో అబద్ధం లేదు. ఏటా దుక్కి దున్నేటప్పుడు గట్టును ఒక్క సాలు, ఒకే ఒక్క సాలు, అటు తోసేవాడు. అంతకుముందు వాళ్ళ నాయన తోసేవాడు. ఒక సాలు ఎవరికి కనపడుతుంది? తోసిన మరుసటేడుకి అది ఎప్పటినుంచో తమదే అయిపోయేది. అలా యాభై అరవై ఏళ్ళు తమదవుతూ వచ్చిన నేల గురించి అనుమానపడటం ఆయనకి చేతకాలేదు. అందుకే ఆ కోపం అంత నిజాయితీగా ఉంది.

"గట్టు కాదప్పా, రాయి యాడుండాది?" శ్రీనివాసప్ప అడిగాడు. "నేను చిన్నప్పుడు ఈ చేన్ల మధ్య ఎల్ల రాయి చూసినా. ఇంత ఎత్తుండె. ఇప్పుడు యాడా కనపడదు."

"భూమిలో పూడుకుపోయింటాది! నేనేమన్నా కావలి కాస్తాండానా?"

"పూడుకుపోయిందా?"

ఆ గొంతు శ్రీనివాసప్పది కాదు. ముగ్గురూ తిరిగి చూశారు. పిళ్ళప్ప భార్య కెంపమ్మ చేను మధ్యలో నిలబడి ఉంది. ఒంటి మీద పట్టుచీర, తలలో మల్లెలు, చేతిలో చెల్లెలికి చదివించాల్సిన స్టీలు బిందె. ఎనిమిదిన్నరకి వస్తానన్న మొగుడి కోసం మూడు గంటలు వాకిట్లో కూర్చుని, రెండు బస్సులు పోవడం కళ్ళారా చూసి వచ్చిన మనిషి. ఆమె చుట్టూ ఇరవై మూడు మేకలు ఉన్నాయి. మేకల కింద చేను లేదు.

దొడ్డి నుంచి కెంపమ్మ నిలబడిన చోటు దాకా, ఆమె నుంచి వీళ్ళ కాళ్ళ దాకా ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఎండిన తీగలు ఆకులతో, కాయలతో, వేళ్ళతో సహా పోయాయి. మేకలు చాలా శ్రద్ధగా, పడమట మొదలుపెట్టి తూర్పుకు వస్తూ, ఒక వరస కూడా వదలకుండా పని చేశాయి.

"దొడ్డి తలుపు యాడ?" అని అడిగింది కెంపమ్మ.

పిళ్ళప్ప దొడ్డి వైపు చూశాడు.

"నాలుగు నెలలు కలుపు తీసినా. నడుము పడిపోయింది. ఉండే ఒక్క చెల్లెలు ఇల్లు కట్టుకుంటే ఆడికీ పోనీయలేదు. ఈడ నిలబడి ఎల్ల రాయి పూడుకుపోయిందని చెప్తాండావా?" ఆమె బిందె కింద పడేసింది. "ముప్పై ఏండ్లుగా దాని మీద బట్టలు ఉతికేది నేను! చేతులు అరిగిపోయినాయి! మడకకి అడ్డం వస్తాందని పెరికి, బండి మీద మోసుకొచ్చి తొట్టి కాడ ఏసింది నువ్వు కాదా? 'కెంపమ్మా, నీకు మంచి రాయి తెచ్చినా' అని చెప్పింది నువ్వు కాదా?"

అప్పుడు ఆమెకి పక్కన శ్రీనివాసప్ప కనపడ్డాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మాటలు అప్పటికే ఎల్ల దాటిపోయాయి.

పిళ్ళప్పకి కష్టకాలంలో కోపం ఎప్పుడూ తోడుండేది. ఇప్పుడు ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. చెట్టు నరికింది తను. రేకులు పీకింది తను. యంత్రం తప్పు చెప్పదని ఊరికి వినబడేలా చెప్పింది తను. ఇంత సిగ్గు ఆయనకి ఎప్పుడూ కలగలేదు. దాన్ని ఎలా పట్టుకోవాలో ఆయనకి అలవాటు లేదు.

శ్రీనివాసప్ప గట్టుకేసి తిరిగాడు. "మా నాయన చచ్చేదాకా చెప్తాండె, చేను తగ్గుతాందిరా అని. మేము నమ్మలేదు. ముసలాయనకి మతి పోయిందనుకొంటిమి. డాక్టరుకి చూపిస్తిమి." కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన మొహం గట్టిపడింది. "రాయి తెచ్చి దాని తావులో పెట్టు. మీ ఇంటి బట్టలు ఇంగేడన్నా ఉతుక్కోండి. చెట్టు, తీగ గురించి రేపు మాట్లాడుకుందాం. ఆ ఇరవై నాలుగు అడుగుల్లో ఒక్క శెనిక్కాయ చెట్టు ముట్టుకుంటే పోలీసుల్ని పిలుస్తా."

"అప్పా, పదకొండు యాభై" అన్నాడు భార్గవ వెనక నుంచి, చాలా మెల్లగా. "ఫోటో..."

"తీయండి సామీ" అన్నాడు పిళ్ళప్ప. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం కెంపమ్మ పెళ్ళయిన ఇన్నేళ్ళలో వినలేదు.

భార్గవ తన శక్తి కొద్దీ ప్రయత్నించాడు. గీతకి ఇవతల ఎక్కడైనా ఒక్క వేరుశనగ మొక్క మిగిలిందేమోనని చేనంతా పరుగెత్తాడు. ఒకటి కనపడింది. అది సగం మేక నోట్లో ఉంది. దాన్ని పట్టుకుని లాగేలోపు మిగతా సగం కూడా పోయింది. పదకొండు యాభై ఎనిమిదికి ఫోటో తీశాడు. సంకేతం అద్భుతంగా ఉంది. యంత్రం ఫోటోను ఒక్క తడవకే తీసుకుని, మీ భూమిలో ఏ పంట ఉంది అని అడిగింది. ఫోటోలో కనపడేది రాయకపోతే భార్గవ ఉద్యోగం పోతుంది. కాసేపు తటపటాయించి, ఉన్న గడుల్లో "పశువుల మేత" అన్నదాన్ని నొక్కాడు. మేకల సంఖ్య రాయడానికి గడి లేదు.

మరుసటి వారం శ్రీనివాసప్ప తమ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, తిరిగి పాతిన రాయి పక్కన నిలబడి, తూర్పు మూల పచ్చటి మొక్కలకి ఫోటో తీయించుకున్నాడు. వాళ్ళ యంత్రానికి సంకేతం అడగగానే దొరికింది. ఆ ఏడు పిళ్ళప్ప విత్తిన వేరుశనగ సర్కారు రికార్డుల్లోకి ఏ తప్పూ లేకుండా వేరుశనగగానే ఎక్కింది, పక్క రాష్ట్రంలో, శ్రీనివాసప్ప పేరున.